పెల్లెట్ స్టవ్ అద్దం ఒక్క రోజులో నల్లబడుతోంది, ఇంట్లోకి పొగ కూడా వచ్చింది. రాత్రంతా వెలిగించి పడుకోవచ్చా?

నాషువా_కొత్తిల్లు

అందరికీ నమస్కారం. మేము న్యూ హాంప్‌షైర్‌లో నాషువా దగ్గర ఉంటాం. ఆగస్టులో ఇల్లు కొన్నాం. ఇల్లు వేడి చేయడానికి ఆయిల్‌తో నడిచే పాత బాయిలర్ ఒకటి, దానికి తోడు హాల్లో ఒక పెల్లెట్ స్టవ్, రెండూ ఇంటితో పాటే వచ్చాయి. అక్టోబరులో ఆయిల్ ట్యాంకు నింపించి ఆ బిల్లు చూశాక, ఈ చలికాలం వీలైనంతవరకు స్టవ్ మీదే నెట్టుకొద్దాం అనుకుని ఒక టన్ను పెల్లెట్లు (రంపప్పొట్టు గట్టిగా నొక్కి చేసే చిన్న ముక్కలు) తెప్పించాం. 40 పౌండ్ల బస్తాలు 50 వచ్చాయి, గరాజ్‌లో పెట్టాం. ఇప్పటికి పన్నెండు బస్తాలు కాల్చి ఉంటాం. పాత ఓనర్ మాన్యువల్ ఇవ్వలేదు, పైన పెల్లెట్లు పోసి బటన్ నొక్కితే చాలు అని చెప్పి వెళ్లిపోయాడు. మేమూ అంతే చేశాం. కింద ఉన్న బూడిద ట్రే రెండుసార్లు పారబోశాను తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు.

మొదటి వారం బ్రహ్మాండంగా పనిచేసింది. మంట పొట్టిగా, తెల్లటి పసుపులో, చురుగ్గా ఎగిరేది. ఇప్పుడు నారింజ రంగులో పొడవుగా సాగి బద్ధకంగా ఊగుతోంది, కొసన నల్లటి మసి కనిపిస్తోంది. పొద్దున అద్దం తుడిస్తే రాత్రికల్లా లోపల మంట ఉందో లేదో తెలియనంత నలుపు.

పోయిన శనివారం నిజంగా భయం వేసింది. బటన్ నొక్కి పది నిమిషాలైనా అంటుకోలేదు, లోపలంతా తెల్లటి పొగ కమ్మేసింది. కంగారులో ప్లగ్ పీకేశాను. అంతే, తలుపు సందుల్లోంచి, పెల్లెట్లు పోసే మూత దగ్గర్నుంచి పొగ హాల్లోకి వచ్చేసింది. స్మోక్ అలారం మోగింది, పాప ఏడుపు, బయట 18 డిగ్రీల ఫారన్‌హీట్ చలి, కిటికీలన్నీ తెరిచి గంటసేపు కోట్లు వేసుకుని కూర్చున్నాం.

అసలు దీన్ని ఎలా శుభ్రం చేయాలి, ఎన్నాళ్లకోసారి? ఇంట్లో వాడే వాక్యూమ్‌తోనే బూడిద లాగేయచ్చా? రాత్రిపూట వెలిగించి పడుకోవచ్చా? డిసెంబరు రెండో వారంలో ఖమ్మం నుంచి అమ్మానాన్న వస్తున్నారు, వాళ్లకు ఇచ్చే గది హాలు పక్కనే, అందుకే ఇంత టెన్షన్. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

మెయిన్_పదకొండో_చలికాలం

తమ్ముడూ, ముందు ఆ స్టవ్ ఆపి ఉంచు. పూర్తిగా శుభ్రం చేసేదాకా మళ్లీ వెలిగించకు. బాయిలర్ ఉంది కదా, నాలుగు రోజులు ఆయిల్ కాలితే కాలనీ. నువ్వు రాసినవన్నీ కలిపి చూస్తే ఒకటే విషయం, ఆ స్టవ్‌కి ఊపిరి ఆడట్లేదు.

కట్టెల పొయ్యికైతే చిమ్నీ వేడెక్కగానే పొగ దానంతట అదే పైకి పోతుంది. పెల్లెట్ స్టవ్‌లో ఆ పని ఒక ఫ్యాన్ చేస్తుంది. వెనకాల ఉండే ఆ ఫ్యాన్ పొగను లాగి పైపులోంచి బయటికి తోస్తుంది, ఆ లాగుడుకే కొత్త గాలి మంట గిన్నె (పెల్లెట్లు పడి కాలే గిన్నె) చిల్లుల్లోంచి లోపలికొచ్చి పెల్లెట్లను మండిస్తుంది. గదిలోకి వేడిగాలి ఊదే ఫ్యాన్ వేరు, దానికీ పొగకీ సంబంధం లేదు. ఈ గాలి దారిలో బూడిద ఎక్కడ అడ్డం పడినా, గిన్నె చిల్లుల్లో కానీ, మంట వెనక పలకల చాటున కానీ, ఫ్యాన్ రెక్కల మీద కానీ, బయటి పైపులో కానీ, మంట నారింజగా సాగుతుంది, అద్దం నల్లబడుతుంది, వెలిగేటప్పుడు పొగ కమ్ముతుంది. తలుపు చుట్టూ తాడులా ఉండే గాస్కెట్ అరిగినా ఇదే తంతు, ఎందుకంటే గిన్నెలోంచి రావాల్సిన గాలి తలుపు సందులోంచి దొంగదారిన వస్తుంది.

ఇప్పుడు ప్లగ్ సంగతి. నువ్వు ప్లగ్ పీకగానే పొగ లాగే ఫ్యాన్ ఆగిపోయింది, గిన్నెలో పెల్లెట్లు మాత్రం కుములుతూనే ఉన్నాయి. ఆ పొగ ఇంకెక్కడికి పోతుంది? ఇంట్లోకే వస్తుంది, పొగతో పాటు కార్బన్ మోనాక్సైడ్ అనే వాసన లేని విషవాయువు కూడా. కాబట్టి ఆపాలంటే ఎప్పుడూ ఆఫ్ బటనే నొక్కాలి. నొక్కిన తర్వాత కూడా లోపల చల్లారేదాకా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, తిరగనివ్వాలి.

అంటుకోకుండా లోపల పొగ నిండిపోతే తలుపు అస్సలు తెరవకు. ఆ పొగ ఉత్త పొగ కాదు, మండే వాయువు. తాజా గాలి తగిలినా, కింద ఒక్క పెల్లెట్ అంటుకున్నా ఒక్కసారిగా భగ్గుమంటుంది, అద్దం పగిలే ప్రమాదం కూడా ఉంది. ఆఫ్ నొక్కి, దూరంగా నిలబడి, ఫ్యాన్ పొగంతా లాగేసేదాకా ఆగాలి. పూర్తిగా చల్లారాక తలుపు తెరిచి గిన్నె ఖాళీ చేసి అప్పుడు మళ్లీ వెలిగించాలి. గిన్నెలోంచి తీసిన ఆ సగం కాలిన పెల్లెట్లను ఎట్టి పరిస్థితుల్లోనూ పైన హాపర్‌లో, అంటే పెల్లెట్లు పోసే తొట్టిలో పోయకు, వాటిలో ఒక్క నిప్పు కణిక ఉన్నా బస్తాడు పెల్లెట్ల మధ్య పెట్టినట్టే. అంటుకోవట్లేదని కిరోసిన్ లాంటివి పోయడం, చేత్తో అదనంగా పెల్లెట్లు గిన్నెలో వేయడం కూడా వద్దు.

శుభ్రం చేయడం నేను చేసేది చెబుతాను. ఏ పనైనా స్టవ్ చల్లగా ఉన్నప్పుడే, ఫ్యాన్ ఆగాక ప్లగ్ తీసేసి. రోజూ పొద్దున ముందు గిన్నె చూస్తాను. బూడిద కరిగి అడుగున గట్టిగా అతుక్కుపోయి ఉంటుంది, ఇక్కడివాళ్లు క్లింకర్ అంటారు, మన కమ్మరి కొలిమిలో వచ్చే చిట్టెం లాంటిది. దాన్ని గీకి తీసి, గిన్నెను దీపం వెలుతురుకి పట్టుకుని చూస్తాను, అన్ని చిల్లుల్లోంచీ వెలుతురు కనిపించాలి. మూసుకున్నవాటిని సన్నటి మేకుతో పొడుస్తాను. రెండు నిమిషాల పని, కానీ సగం సమస్యలు దీంతోనే పోతాయి. వారానికోసారి ట్రే ఖాళీ చేసి, లోపలి గోడలు బ్రష్‌తో దులిపి, వేడి గొట్టాలను గీకే కడ్డీ ఉంటే దాన్ని నాలుగైదు సార్లు లాగి తోస్తాను. అద్దానికి ఖరీదైన మందులేవీ అక్కర్లేదు, తడి పేపర్ టవల్‌ని అదే బూడిదలో అద్ది రుద్దితే మసి పోతుంది. మన అమ్మమ్మలు గిన్నెలు తోమింది దాంతోనే కదా. అమ్మోనియా ఉన్న క్లీనర్లు మాత్రం ఆ అద్దానికి వాడకు, వేడి అద్దం మీద తడి గుడ్డ పెట్టకు.

ఇక ఒక టన్ను పెల్లెట్లు కాల్చేసరికి అసలు పని ఉంటుంది. మంట వెనకున్న పలకలు ఊడదీసి వాటి చాటున చేరిన బూడిద తీయాలి, పైపు మలుపు దగ్గర ఇంగ్లిష్ T అక్షరం ఆకారంలో ఉండే ముక్క మూత తీసి అందులోది దులపాలి, హాపర్ అడుగున మిగిలిన పొడి లాగేయాలి. నీ స్టవ్‌కి పాత ఓనర్ ఎన్ని టన్నుల బూడిద దాచిపెట్టి వెళ్లాడో తెలియదు కాబట్టి ఈ మొదటిసారికి సర్టిఫికెట్ ఉన్న చిమ్నీ మనిషినో స్టవ్ టెక్నీషియన్‌నో పిలిపించు, పక్కన నిలబడి చూసి నేర్చుకో. అమెరికాలో చిమ్నీలు, స్టవ్‌ల అగ్ని భద్రతకు ఉన్న ఎన్‌ఎఫ్‌పీఏ 211 అనే ప్రమాణం కూడా ఏడాదికోసారి తనిఖీ చేయించమనే చెబుతుంది.

రాత్రి సంగతి. నేను పదకొండేళ్లుగా జనవరి, ఫిబ్రవరిల్లో రాత్రంతా వెలిగించే పడుకుంటున్నాను, ఇవి తయారు చేసిందే అలా గంటలకొద్దీ నడవడానికి. కానీ శుభ్రంగా ఉన్న స్టవ్, పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారాలు, ఈ రెండూ ఉంటేనే. నీ దగ్గర ప్రస్తుతం మొదటిది లేదు. రెండోదాని గురించి నువ్వు ఒక్క మాట కూడా రాయలేదు, అదే నాకు భయంగా ఉంది.

వూస్టర్_అక్క

అన్నగారు స్టవ్ గురించి అంతా చెప్పేశారు, నేను బూడిద గురించి చెబుతాను, ఎందుకంటే మా ఇంట్లో జరిగింది కాబట్టి.

మూడేళ్ల కిందట మా ఆయన ట్రేలో బూడిద చేయి పెట్టి చూసి, చల్లగానే ఉందని కిరాణా కాగితం సంచిలో పోసి వెనక డెక్ (చెక్క అరుగు) మీద పెట్టారు, రేపు చెత్తలో వేద్దామని. ముందు రోజు సాయంత్రం ఆపిన స్టవ్ అది. రాత్రి గాలి వీచింది. తెల్లవారుజామున కుక్కను తిప్పుతున్న పక్కింటాయన పొగ చూసి తలుపు బాదాడు. సంచి లేదు, దాని కింద డెక్ చెక్కలు రెండు బొగ్గయ్యాయి, ఇంటి గోడకు రెండడుగుల దూరంలో. నివురుగప్పిన నిప్పు అని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం, అది ఎంత అక్షరాలా నిజమో ఆ రోజు తెలిసింది. పైన బూడిద చల్లగా, మెత్తగా ఉంటుంది, లోపల కణిక రోజుల తరబడి బతికే ఉంటుంది.

అప్పటి నుంచి మా పద్ధతి ఇది. బిగుతుగా మూత పడే ఇనుప బకెట్, మూత తప్పనిసరి, దాన్ని ఇంటికీ డెక్‌కీ గరాజ్‌కీ కనీసం పదడుగుల దూరంలో సిమెంటు పలక మీద పెడతాం. వారం పైన అలా వదిలేశాకే పారబోస్తాం. ప్లాస్టిక్ బకెట్, అట్టపెట్టె, కాగితం సంచి, ఇంటి చెత్తడబ్బా, వీటిలో ఒక్కటి కూడా వద్దు.

ఇంటి వాక్యూమ్ అడిగారు. వద్దే వద్దు. ఆ సన్నటి బూడిద మామూలు ఫిల్టర్‌లో ఆగదు, వెనక నుంచి ఇల్లంతా చల్లేస్తుంది, అదొక గోల. అసలు ప్రమాదం ఏంటంటే ఒక్క కణిక లోపలికి పోయినా మోటారు లాగే గాలికి అది రాజుకుంటుంది, చుట్టూ దుమ్ము, కాగితం సంచి, ప్లాస్టిక్. యాష్ వాక్యూమ్ అని విడిగా అమ్ముతారు, ఇనుప డబ్బా, వేడి తట్టుకునే ఫిల్టర్‌తో వస్తుంది, అది కొనండి. దాంతో కూడా చల్లారిన బూడిదే తీయాలి.

అలారాలు ఈ రోజే కొనండి, పార్సెల్ కోసం కూడా ఆగకండి, దగ్గర్లో ఉన్న హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి తెచ్చుకోండి. ప్రతి అంతస్తులో ఒకటి, పడకగదుల బయట ఒకటి. మా మసాచుసెట్స్‌లో ఇళ్లలో కార్బన్ మోనాక్సైడ్ అలారం 2006 నుంచి తప్పనిసరి. ఆ చట్టం రావడానికి కారణం, 2005 జనవరి మంచు తుఫానులో ఒక ఇంటి ఫర్నేస్ పొగ బయటికి పోయే దారిని మంచు మూసేసి ఏడేళ్ల పాప చనిపోవడం. ఆ ఇంట్లో మంట అంటుకోలేదు, కార్బన్ మోనాక్సైడ్‌కి కాలిన వాసన కూడా రాదు. అందుకే మంచు పడ్డ ప్రతిసారీ మా ఆయన కారు కంటే ముందు స్టవ్ పైపు దగ్గర మంచు తీస్తారు.

మీ అమ్మానాన్న విషయంలో ఒకటి గుర్తుపెట్టుకోండి. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కితే ముందు వచ్చేవి తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, నీరసం. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన పెద్దవాళ్లు ఇవే చెబితే మనం జెట్‌లాగ్ అనుకుని పడుకోమంటాం. ఇంట్లో ఒకరికి మించి అలా అనిపించినా, బయటికెళ్తే తగ్గుతున్నా, అలారం మోగినా, కిటికీలు తెరుస్తూ లోపల ఉండిపోవద్దు, అందరూ బయటికొచ్చేసి అక్కడి నుంచి 911కి ఫోన్ చేయండి. ఈ మాట వాళ్లు దిగిన రోజే అర్థమయ్యేలా చెప్పి, అలారం ఒకసారి టెస్ట్ బటన్ నొక్కి ఆ శబ్దం వినిపించండి.

ఇంకా, మా అత్తయ్య వచ్చినప్పుడు తడి తువ్వాళ్లు కుర్చీ మీద వేసి ఆ కుర్చీని స్టవ్ ముందుకు జరిపేవారు, త్వరగా ఆరతాయని. ఆవిడ తప్పేం లేదు, మనం చెప్పలేదు. చుట్టూ మూడడుగులు ఏమీ ఉండకూడదు, నేల మీద టేపు అంటించాం మేము. పాప ఉంది కాబట్టి స్టవ్ చుట్టూ గేటు కూడా పెట్టించండి, ఆ తలుపు అద్దం ముట్టుకుంటే చర్మం ఊడొస్తుంది.

నాషువా_కొత్తిల్లు

అన్నా, అక్కా, చాలా చాలా థ్యాంక్స్. అక్క పోస్టు చదివి వెంటనే వెళ్లి మూడు అలారాలు తెచ్చాను. కింద అంతస్తులో ఒక్కటి కూడా లేదని అప్పుడు చూశాం. పైన ఉన్నది 2011లో తయారైనదని వెనక రాసి ఉంది, అదీ మార్చేశాను.

స్టవ్ చల్లారి రెండు రోజులైంది కాబట్టి ప్లగ్ తీసేసి తలుపు తెరిచి చూశాను. గిన్నె అడుగున బొటనవేలంత క్లింకర్, రాయిలా ఉంది. చిల్లులు లెక్కపెడితే ముప్పైలో పదకొండే తెరిచి ఉన్నాయి. ట్రే ఉన్న అర చుట్టూ బూడిద గుట్టలు, ట్రే తీసి మళ్లీ పెట్టేటప్పుడు వెనక్కి నెట్టుకుపోయినట్టుంది.

నాన్నకి వీడియో కాల్‌లో చూపించాను. మాకు చిన్నప్పుడు రంపప్పొట్టు పొయ్యి ఉండేది, డబ్బా మధ్యలో ఒక సీసా నిలబెట్టి, కింద పక్క నుంచి ఒక కర్ర దూర్చి, పొట్టు గట్టిగా కూరి, తర్వాత సీసా, కర్ర మెల్లగా లాగేస్తే గాలి దారి ఏర్పడేది. నాన్న గిన్నె చూడగానే "కింద బొక్క పూడిపోయింది రా, పొగ రాక ఏమవుద్ది" అన్నారు. నేను ఇంజినీరింగ్ చదివి నెల రోజులు కనుక్కోలేనిది ఆయన ఒక్క చూపులో చెప్పారు.

ఇంకో రెండు అడగాలి. మాకు ఇక్కడ ఐస్ పడితే కరెంటు పోతుంటుంది, అప్పుడు కూడా ప్లగ్ పీకినట్టే కదా, ఏం చేయాలి? రెండోది, యూట్యూబ్‌లో ఒకాయన లీఫ్ బ్లోయర్‌ని (రాలిన ఆకులు ఊదే యంత్రం) బయట పైపుకి పెట్టి లోపలి బూడిదంతా లాగేస్తున్నాడు, అది చేయొచ్చా?

పెన్సిల్వేనియా_ఎలక్ట్రికల్

కరెంటు ప్రశ్న నాకొదిలేయండి. అవును, కరెంటు పోతే ప్లగ్ పీకినట్టే. కొత్త పెల్లెట్లు పడటం ఆగిపోతుంది, గిన్నెలో ఉన్నవి కాసేపు కుమిలి ఆరిపోతాయి. పైపు బయట కొంత ఎత్తుకి లేచి ఉంటే వేడికి పొగ కాస్త లాగుతుంది, గోడలోంచి తిన్నగా బయటికెళ్లే పైపైతే లాగదు, ఇంట్లోకే వస్తుంది. ఆ కొద్దిసేపు ఫ్యాన్ తిప్పడానికే యూపీఎస్ పెట్టుకోవాలి. రాత్రంతా నడపాలని కాదు, ఆఫ్ నొక్కి పద్ధతిగా చల్లార్చడానికి. ప్యూర్ సైన్ వేవ్ (ఇంటికొచ్చే కరెంటు లాంటి నున్నటి తరంగం) ఇచ్చేదే తీసుకోండి, చవక రకం యూపీఎస్‌ల మీద ఈ ఫ్యాన్ మోటార్లు మూలుగుతాయి, కంట్రోల్ బోర్డు గందరగోళపడుతుంది. వెలిగే మొదటి నిమిషాల్లో ఇగ్నైటర్ కడ్డీ వేడెక్కడానికి కరెంటు బాగా లాగుతుంది, తర్వాత ఫ్యాన్లు, పెల్లెట్లు నెట్టే స్క్రూ మోటారు మాత్రమే, చాలా తక్కువ. మీ మోడల్‌కి ఎన్ని వాట్లో వెనక ప్లేటు మీద ఉంటుంది. కరెంటు ఉన్నప్పుడు కూడా, ఒక్కసారిగా ఎక్కువ కరెంటు వస్తే అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టండి.

లీఫ్ బ్లోయర్ సంగతి, నేను చేస్తాను, బాగా పనిచేస్తుంది, కానీ మీరు ఇప్పుడే చేయొద్దు. దాన్ని పీల్చే వైపు బయటి పైపుకి బిగించి లాగుతారు, స్టవ్ పూర్తిగా చల్లారి, ప్లగ్ తీసి, లోపల బూడిద ముందే వాక్యూమ్ చేసి ఉండాలి. వాక్యూమ్ స్విచ్ అని చిన్న భాగం ఒకటి ఉంటుంది, లోపల గాలి లాగుడు సరిగా ఉందో లేదో చూసి, లేకపోతే పెల్లెట్లు పడకుండా ఆపేస్తుంది. బ్లోయర్ లాగుడుకి అందులోని పలచటి పొర పాడవ్వచ్చు, దాని గొట్టం ఊడదీసే మొదలుపెట్టాలి. టెక్నీషియన్ వచ్చినప్పుడు అది ఎక్కడుందో చూపించమనండి. మాస్క్ పెట్టుకోండి. మీ కారు, పక్కింటి కారు దూరంగా పెట్టించండి, నల్లటి మేఘం వస్తుంది.

ఆ వాక్యూమ్ స్విచ్ గురించే ఇంకో మాట. స్టవ్ ఊరికే ఆగిపోతోందని దాని రెండు వైర్లు కలిపేసి నడపడం కొన్ని వీడియోల్లో చూపిస్తున్నారు. దయచేసి ఎవ్వరూ చేయకండి. స్టవ్ ఆగుతోందంటే దారి మూసుకుంది అని ఆ స్విచ్ చెబుతోంది. దాని నోరు నొక్కేస్తే పొగ ఇంట్లోకి వచ్చేదాకా మీకు తెలిసే మార్గం ఇంకొకటి లేదు. వేడి ఎక్కువైతే ఆపే హై లిమిట్ స్విచ్‌కీ ఇదే వర్తిస్తుంది.

పెల్లెట్లు ఏ రకం తెచ్చారు? బస్తా మీద పెల్లెట్ ఫ్యూయెల్స్ ఇన్‌స్టిట్యూట్ (పెల్లెట్ పరిశ్రమ సంఘం) వాళ్ల ప్రీమియం ముద్ర ఉంటే బూడిద 1 శాతం మించకూడదు, తేమ 8 శాతం మించకూడదు. 1 శాతం అంటే టన్నుకి 20 పౌండ్లు, అదే 2 శాతం ఉన్న సరుకైతే 40 పౌండ్ల బూడిద ఆ చిన్న స్టవ్‌లోంచి వెళ్లాలి. బస్తా కాస్త తక్కువకి వచ్చిందని కొన్నది చివరికి గీకుడు పనిలో వసూలు చేసుకుంటుంది. గరాజ్‌లో సిమెంటు నేల మీద నేరుగా పెట్టారా? చెక్క ప్యాలెట్ మీదే ఉంచండి, చెమ్మ తగిలితే ఉబ్బి రంపప్పొట్టు అయిపోతాయి. ఒక పెల్లెట్ తీసుకుని విరవండి, టక్కున విరగాలి, వేళ్ల మధ్య నలిగిపోతే పోయకండి. బస్తా చివర్లో మిగిలే పొడి హాపర్‌లో పోయకుండా పక్కన పెట్టేయండి, అదే స్క్రూ దగ్గర ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే మాత్రం కరెంటు ఉండగా చేయి పెట్టొద్దు, ఆ స్క్రూ మెల్లగా తిరుగుతుంది కానీ వేలు దొరికితే ఆగదు.

మెయిన్_పదకొండో_చలికాలం

పెన్సిల్వేనియా గారు చెప్పింది కరెక్ట్, లీఫ్ బ్లోయర్ రెండో ఏడాదికి.

తమ్ముడూ, గాస్కెట్ పరీక్ష చెప్పడం మర్చిపోయాను. చల్లగా ఉన్నప్పుడు తలుపు సందులో డాలర్ నోటు పెట్టి గొళ్లెం వేసి లాగు. గట్టిగా పట్టుకోవాలి. సులువుగా జారి వచ్చిందంటే అక్కడ గాస్కెట్ పోయినట్టే. తలుపు చుట్టూ నాలుగు వైపులా చూడు, హాపర్ మూతకు కూడా గాస్కెట్ ఉంటే అదీ చూడు. హాపర్ మూత సరిగా పడకపోతే మంట వెనక్కి పెల్లెట్ల వైపు పాకే అవకాశం ఉంటుంది, అందుకే వెలుగుతున్నప్పుడు మూత తెరిచి ఉంచకూడదు, పోసేదేదో పోసి వెంటనే మూసేయాలి.

మాన్యువల్ లేదన్నావు. హాపర్ మూత కింద కానీ వెనక కానీ ప్లేటు మీద మోడల్ నంబరు ఉంటుంది, కంపెనీ సైటులో పాతవాటికి కూడా దొరుకుతాయి. ఇంకా ఇన్సూరెన్స్ వాళ్లకు స్టవ్ ఉందని చెప్పావా? చెప్పకపోతే రేపు ఏదైనా జరిగితే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. ఊరి బిల్డింగ్ ఆఫీసులో దీనికి పర్మిట్ తీసుకున్నారో లేదో కూడా ఫోన్ చేసి కనుక్కో.

నాషువా_కొత్తిల్లు

రెండు వారాల తర్వాత అప్‌డేట్ ఇస్తున్నాను, సగంలో వదిలేసి వెళ్లిపోయాననుకోకండి.

టెక్నీషియన్ వచ్చాడు, దాదాపు రెండున్నర గంటలు చేశాడు. వెనక పలక ఊడదీయగానే బూడిద జారి కింద పడింది, రెండు దోసిళ్లు ఉంటుంది, పిండిలా మెత్తగా. పొగ వెళ్లే దారి సగానికి పైగా పూడిపోయి ఉంది. బయట పైపు టీ మూత తీస్తే అందులోంచీ అంతే. గాలి లోపలికొచ్చే గొట్టం చివర ఎలక గూడు, ఎండుగడ్డి, ఇన్సులేషన్ పీచు కలిపి కట్టింది. ఇన్నాళ్లు దీని పక్కన పాపను ఆడించానా అనిపించింది అది చూసి. అక్కడ ఇప్పుడు ఇనుప జాలీ బిగించాం.

డాలర్ నోటు తలుపు కింది మూల దగ్గర ఊరికే జారి వచ్చేసింది, గాస్కెట్ మార్పించాను. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పాను, ఫొటోలు, టెక్నీషియన్ రిపోర్టు అడిగారు, పంపాను. ఊరి ఆఫీసులో పర్మిట్ పాత ఓనర్ తీసుకున్నాడట, అది ఉంది. యూపీఎస్ ఆర్డర్ పెట్టాను, ఇంకా రాలేదు, వచ్చేదాకా తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో స్టవ్ వెలిగించకూడదని అనుకున్నాం. ప్రస్తుతానికి పడుకునే ముందు ఆపేస్తున్నాం, బాయిలర్ 60 డిగ్రీల ఫారన్‌హీట్ మీద పెట్టి ఉంచుతున్నాం. అమ్మానాన్న వచ్చి సర్దుకున్నాక, ఒక వారం రోజులు పగలంతా గమనించి అప్పుడు రాత్రి సంగతి చూస్తాం.

వెలిగించి నాలుగు రోజులైంది. అద్దం మీద సన్నటి తెల్ల పొర తప్ప మసి లేదు, మంట మళ్లీ పొట్టిగా, తెల్లగా ఎగురుతోంది. గిన్నె గీకడం రోజూ పొద్దున కాఫీ పెట్టే లోపు అయిపోతోంది. ఇనుప బకెట్ పెరట్లో ఒక మూల, ఇంటికి పదిహేను అడుగుల దూరంలో పలక మీద ఉంది. అమ్మానాన్న శుక్రవారం బోస్టన్‌లో దిగుతున్నారు. చివరగా ఒకటి, అమ్మ ఇప్పటికే ఫోన్‌లో అడుగుతోంది, ఆ బూడిద పారేయకు, చిక్కుడు పాదుకి పేనుబంక పడితే చల్లుకోవచ్చు అని. వేసవిలో వాడొచ్చా?

వూస్టర్_అక్క

వాడొచ్చు, ఉత్త చెక్క పెల్లెట్ల బూడిదే కాబట్టి. నేను చిక్కుడుకీ, టమాటాకీ పలచగా వేస్తాను. కానీ అది సున్నం లాంటిది, నేల ఆమ్లగుణం తగ్గిస్తుంది, బ్లూబెర్రీ పొదలకి మాత్రం వేయకండి, వాటికి పడదు. ఒకేచోట కుప్పగా పోయకుండా, గాలి లేని రోజు చల్లండి. బకెట్‌లో వారం ఆగాక, చిన్న ఇనుప పారతో అడుగు దాకా కలిపి చూసి అప్పుడే. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.